అంకె మార్చు

"ఈ పది ఎవరు రాశారు సార్?"

"నేనే," అన్నాడు ఆఫీసరు, కాస్త గర్వంగానే.

నోట్లో మాట నోట్లో ఉండగానే చెంప పేలిపోయింది. కళ్ళజోడు ఎగిరి బీరువా కింద పడింది. వచ్చినవాడు తలుపు గడియ పెట్టి, జేబులోంచి ఆవేళ్టి పేపరు ముక్క తీసి బల్ల మీద పరిచాడు. ఆఫీసరు తయారుచేసిన కొత్త నిబంధన గురించిన వార్త అది.

సెలవురోజు. ఆఫీసులో పురుగు కూడా లేదు. మర్నాడు పైకి పంపాల్సిన ఆ నిబంధన కాగితాన్ని ఆఖరుసారి చూసుకుందామని ఆయన ఒక్కడే వచ్చి కూర్చున్నాడు.

అందులో అసలు సంగతి చిన్నదే. పెట్రోలులా భగ్గున మండే సాల్వెంటు ద్రవాన్ని పది టన్నులకు మించి నిల్వ పెట్టే ఫ్యాక్టరీ ఇళ్ళకు దూరంగా ఉండాలి. మంటలార్పే సరంజామా అంతా పెట్టుకోవాలి. ఏటా తనిఖీకి తలుపులు తెరవాలి. పదికి లోపలైతే అడిగే నాథుడు లేడు.

ఆ పరిమితి వంద చెయ్యమని ఫ్యాక్టరీల యజమానులు ఏడాదిగా చెప్పులరిగేలా ఆయన చుట్టూ తిరిగారు. నిపుణులేమో ఐదు దాటకూడదన్నారు. ఆయన అటూ ఇటూ నచ్చజెప్పి పది దగ్గర తెగ్గొట్టాడు. తనంత నిజాయితీపరుడు ఆ భవనంలోనే లేడని ఆయన నమ్మకం. అది మరీ పెద్ద అబద్ధమేం కాదు.

"మార్చు," అన్నాడు వచ్చినవాడు.

వాడి చేతిలో ఇత్తడి స్పానరుంది. ఇనుముదైతే నిప్పురవ్వ లేస్తుందని సాల్వెంటు డ్రమ్ముల దగ్గర వాడే రకం. ఆ చెయ్యి మోచేతి దాకా కాలి ముడతలు పడి ఉంది. ఇలాంటి వాళ్ళను ఈ యజమానులు ఎక్కడినుంచి పట్టుకొస్తారో అనుకున్నాడు ఆఫీసరు. బతిమాలడం అయింది, బెదిరించడం అయింది, ఇప్పుడు మనిషినే పంపారన్నమాట!

"ఫ్యాక్టరీవాళ్ళ తరఫున వచ్చావా?"

"ఫ్యాక్టరీ అన్నం తిన్నవాణ్ణే. ఇంటిల్లిపాదీ తిన్నాం. మార్చు."

"చూడు బాబూ, ఇది జనం ప్రాణాలతో..."

స్పానరు భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినబడింది.

"జనం ప్రాణాలట!" పళ్ళు కొరికాడు వాడు.

ఆఫీసరు కళ్ళు బైర్లు కమ్మాయి. చచ్చి సాధించేదేముంది అనుకున్నాడు. పెన్ను తీసి, ఆ నిబంధన కాగితంలో పది కొట్టేసి ఇరవై రాశాడు.

వాడు వంగి చూశాడు. మొహం జేవురించింది.

"నాతో వేళాకోళమా?"

కుర్చీతో సహా ఆయన్ని కింద పడదోశాడు. కాగితం, పెన్నూ ఆయన పక్కనే నేల మీద పడ్డాయి. డొక్కలో తన్నాడు. ఒకసారి కాదు, కాలు నొప్పి పుట్టేదాకా తన్నాడు. ఆఫీసరు నోట్లోంచి రక్తం కాగితం అంచున పడింది.

వీళ్ళ ఆశ మండిపోనూ అని లోపల తిట్టుకుంటూ, నేల మీదే బోర్లా పడుకుని, ఇరవైని యాభై చేశాడు.

"మావాళ్ళంటే లెక్కే లేదుట్రా నీకు?"

ఈసారి స్పానరు వేళ్ళ మీద పడింది. పెన్ను పట్టిన మూడు వేళ్ళూ నుజ్జయ్యాయి. ఆఫీసరు చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. నిజాయితీ గాలికి పోయింది. భోజనానికి వచ్చేస్తానని భార్యకు చెప్పి వచ్చాడు, ప్రాణాలతో ఇంటికి చేరితే అదే పదివేలు.

ఎడమచేత్తో, ఆ రక్తంలోనే, వంద అని గీకాడు. యజమానులు మొదటినుంచీ అడిగిన వంద. చచ్చినా ఇవ్వనన్న వంద.

"ఇదిగో, తీసుకో! ఇక ఇంతకు మించి పైకి పోవడానికి లేదు. వెళ్ళి మీవాళ్ళకి చూపించుకో!"

కాగితం విసిరికొట్టి, మోచేతి వంపులో తల దాచుకున్నాడు.

దెబ్బ పడలేదు. స్పానరు ఠంగుమని నేల మీద పడింది. వాడు కాగితం పట్టుకుని ఆయన పక్కనే గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"మా తమ్ముడు కాలి చచ్చిన షెడ్డులో ఉన్నది ఎనిమిది టన్నులేనయ్యా!"