తండ్రి లేని పిల్ల

"బొట్టు చెరుపుకోమ్మే" అన్నాడు చెంగయ్య పెళ్ళాంతో.

మునెమ్మ చేతిలోని చేట జారి కింద పడింది. "నీ నోట్లో మన్నుబడ! కట్టుకున్నోడు అనే మాటేనా ఇది?"

"అరిస్తే ఎట్లమ్మే? ఇంకాసేపట్లో రైలుకు ట్రస్టాయన దిగతాడు. నువ్వు ముత్తైదువ మాదిరి ఎదురుపోతే బిడ్డ సీటు గంగలో కలిసినట్లే. సోమవారం లోపల డబ్బు కట్టకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

సంగతేమిటంటే, వాళ్ళ కూతురు పంకజాక్షికి తిరుపతిలో డిగ్రీ సీటు వచ్చింది. సర్కారు స్కాలర్‌షిప్పుకు గడువు దాటిపోయింది. మిగిలిన దిక్కల్లా చిత్తూరు బెల్లం వ్యాపారులు పెట్టిన ట్రస్టు ఒక్కటే. ఫీజులు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే తండ్రి లేని ఆడపిల్లలకే. పాకాల స్టేషన్లో మూటలు మోసే చెంగయ్య బతికుండటమే పిల్ల చదువుకు అడ్డమైంది. ఆ అడ్డం తీసెయ్యాలని అతను మునసబుకు ఓ కోడిపుంజును సమర్పించుకుని, తాను చచ్చిపోయినట్టు కాగితం రాయించుకొచ్చాడు. చావు ఇంత చవగ్గా దొరుకుతుందని ఎంతమందికి తెలుసు!

"నాకొద్దు నాయనా ఈ సదువు. అమ్మను అట్ల సూడలేను" అని పంకజాక్షి ఏడుపందుకుంది.

"నువ్వు నోర్ముయ్. సచ్చేది నేను, ముండమోసేది మీ యమ్మ. మధ్యలో నీకేం నొప్పి?" అని నవ్వాడు చెంగయ్య. తల్లీకూతుళ్ళకు మాత్రం నవ్వు రాలేదు.

మునెమ్మ గోడవైపు తిరిగి కొంగుతో నొసలు తుడుచుకుంది. గాజులు తీసి పిండిడబ్బాలో వేసింది. తాళి తియ్యడానికి చేతులు రాక రవికెలోకి తోసేసుకుంది. "ఏడుకొండలవాడా! ఇది ఉత్తుత్తికే సామీ. లెక్కలోకి తీసుకోబాక" అని లెంపలేసుకుంది.

చెంగయ్య తుండు భుజాన వేసుకుని వీధిలోకి తప్పుకుందామనుకున్నాడు. గడప దాటేసరికి ట్రస్టు మేనేజరు తిరుమలయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. రైలుకు రావాల్సిన మనిషి ఎవరిదో స్కూటరెక్కి ముందే వచ్చేశాడు.

"చచ్చిపోయిన చెంగయ్య ఇల్లు ఇదేనా అబ్బా?"

"ఇదే సామీ" అన్నాడు చెంగయ్య, ఇక తప్పుకోను వీల్లేక అతని వెంటే లోపలికి నడుస్తూ.

తిరుమలయ్య పెద్దాయన, మెత్తటి మనసు. లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. మునెమ్మ బోసి నొసలు చూసి తల దించుకున్నాడు. "ఈ అబ్బోడెవరమ్మా?" అని అడిగాడు.

మొగుడు పోయిన ఇంట్లో పరాయి మగవాడంటే ఇంకేమన్నా ఉందా! మునెమ్మ నోటికి ఏదొస్తే అది అనేసింది. "మా తమ్ముడు సామీ."

పెళ్ళాం తెలివికి చెంగయ్య లోలోపల మురిసిపోయాడు.

"బావ ఎట్ల పోయినాడప్పా?"

"కడుపునొప్పి సామీ. ఒక్క పూటలో పోయినాడు. అట్లాంటి మనిషి ఈ తాలూకాలోనే లేడు." తనను తాను పొగుడుకునే అదృష్టం ఎవరికి దొరుకుతుంది? చెంగయ్య వదిలిపెట్టలేదు. "పోతాపోతా నా చెయ్యి పట్టుకున్నాడు సామీ. బిడ్డను సదివించప్పా అన్నాడు." అంతవరకూ వచ్చేసరికి నిజంగానే ఏడుపొచ్చి తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

మునెమ్మ బోరుమంది. అది నటన కాదు. మొగుడి చావు మొగుడి నోటనే వింటూ ఏ ఆడది తట్టుకుంటుంది?

"ఏడవబాకమ్మా. ఇట్లాంటి దిక్కులేని బిడ్డల కోసమే గదా మేముండేది" అంటూ తిరుమలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మునసబు కాగితం చూశాడు. మార్కులు చూసి "ఫస్టు క్లాసే!" అని పంకజాక్షిని మెచ్చుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. ఇక దరఖాస్తు మీద సంతకం ఒక్కటే మిగిలింది.

పెన్ను కాగితం మీద పెట్టబోయినవాడు ఆగి, చెంగయ్యను తేరిపార చూశాడు. మూటలు మోసిన గట్టి ఒళ్ళు. తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు.

"నీకు పెండ్లయిందా అబ్బా?"

అయిందంటే పెళ్ళామేదని అడుగుతాడు. చెంగయ్య తడుముకోలేదు. "ఇంకా లేదు సామీ. అక్క సంసారమే నా సంసారం అనుకొని ఈడ్నే ఉండిపోయినా."

"తాగుడూ, పేకాటా?"

"బీడీ కూడా ముట్టను సామీ."

"చేతిలో పనుండాదా?"

"రోజూ ఉండాది సామీ. వీళ్ళకు ఇంత కూడు పెట్టేది నేనే."

తమ్ముడి గుణం బాగుంటే అక్కకూ మంచిపేరే కదా అని మునెమ్మ కూడా ఒక మాట సాయం వేసింది. "బంగారట్లాంటోడు సామీ. మా పంకజాక్షంటే వానికి పానం."

తిరుమలయ్య ముఖం విప్పారింది. కొండంత బరువు దిగినవాడిలా పెన్నుకు మూత పెట్టేసి, దరఖాస్తును మడిచి మునెమ్మ చేతికిచ్చాడు.

"పిచ్చితల్లీ! ఇంట్లోనే వరసైన మేనమామను పెట్టుకొని ఊరోళ్ళను దేబిరించేదెందుకు? ఈడు కాస్త ముదిరితేనేం, ఈ ఆషాఢం పోతానే పిల్లను నీ తమ్ముడికే కట్టబెట్టెయ్. తాళిబొట్టు మా ట్రస్టు తరపున నేనే పంపిస్తా!"