బావ వంతు నిద్ర

"బావా, పడుకున్నావా?" స్టీరింగు ముందు నుంచి బావమరిది అడిగాడు.

"ఆఁ, పడుకున్నా," అన్నాడు తెర వెనక నుంచి పెద్ద డ్రైవరు.

"పడుకున్నవాడు పలుకుతాడా? మాటలాపి నిద్రపో. రెండింటికి బస్సు నీ చేతికొస్తుంది. వెనక నలభైమంది ఉన్నారు."

ఆ నలభైమంది గుర్తుకొచ్చే అతనికి నిద్ర పట్టడం లేదు. డ్రైవరు సీటు వెనక చిన్న బల్ల, దానికో తెర. ఒకడు బండి నడుపుతుంటే రెండోవాడు ఆ బల్ల మీద పడుకోవాలి, రెండింటికి మారాలి. రోజూ అయితే తల వాలిస్తే చాలు, అతని గురకకి ముందు సీట్లవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. అలాంటి మనిషి ఇవాళ పదింటి నుంచి గుడ్లగూబలా పైకప్పు చూస్తున్నాడు.

చేసిందంతా తనే. అరవై దాటిన డ్రైవర్లకి పరుగు పరీక్ష అని కంపెనీ నోటీసు అంటించింది. సోమవారమే. తప్పితే సీటు దిగి ఇంటికి పోవడమే. అందుకని సాయంత్రం డ్యూటీ ఎక్కేముందు బావమరిది వెంట జిమ్ముకి వెళ్ళాడు. వాడు గంట పరిగెత్తితే తనూ గంట పరిగెత్తాడు. వాడు బరువులెత్తితే తనూ ఎత్తాడు. వాడికి నలభై అయిదు, తనకి అరవై ఒకటి. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే! పైగా, ఒళ్ళు హూనమైతే నిద్ర దానంతటదే తన్నుకొస్తుందని ధీమా ఒకటి.

నిద్ర రాలేదు సరికదా, ఆరు గంటలు గడిచినా ఒంట్లో వేడి దిగలేదు. పిక్కలు కొయ్యబారిపోయాయి. గుండె చెవి పక్కనే కొట్టుకుంటోంది, దడదడమని.

వాచీ చూశాడు. పన్నెండున్నర. పోన్లే, ఇప్పుడు పట్టినా గంటన్నర దక్కుతుంది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. మళ్ళీ చూశాడు. ఒకటింపావు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఇప్పుడు రమ్మంటే రాని నిద్ర, స్టీరింగు పట్టుకున్నాక పిలవకుండానే వస్తుంది. నాలుగింటికి వస్తుంది. తిన్నని రోడ్డు, చల్లగాలి, ఒక్క కునుకు చాలు. లోయ పక్క మలుపులన్నీ తన వంతులోనే ఉన్నాయి. వెనక ఎక్కడో చంటిపిల్ల కుయ్యిమంది. ఎక్కేటప్పుడు దాని తల్లి, "జాగ్రత్తగా తీసుకెళ్ళండన్నా," అంది. "నువ్వు నిశ్చింతగా పడుకోమ్మా," అని పెద్ద మొనగాడిలా మాటిచ్చాడు కూడాను.

చెప్పేస్తే? చెబితే ఇంకేమైనా ఉందా! వంతు వదులుకున్న డ్రైవరు పేరు పొద్దున్నే ఆఫీసుకి వెళుతుంది. సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఇవాళే ఇంటికి పొమ్మంటారు. బావమరిది సంగతి సరేసరి. వాళ్ళక్కతో మొదలుపెట్టి వీధి వీధంతా చాటింపు వేస్తాడు.

ముందు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇందాకటిదాకా ఈలపాట వినిపించేది, అదీ ఆపేశాడు. పాపం, బావ నిద్ర చెడగొట్టకూడదనుకున్నాడేమో. ఆ మర్యాద చూసేసరికి పెద్ద డ్రైవరుకి సిగ్గేసింది. ఇంత మంచివాణ్ణి మోసం చేసి, నిద్రపోయినట్టు నటించి, రెండింటికి ఎర్రటి కళ్ళతో సీటెక్కడమా?

"ఒరేయ్," అన్నాడు.

"ఊఁ."

"నాకు కన్ను మూతపడలేదురా."

"ఊఁ."

"నవ్వకు. రెండింటికి నేను నడపలేను. కునుకు పడుతుందని భయంగా ఉంది. నన్నూ నిన్నూ నమ్ముకుని పడుకున్నారురా వాళ్ళంతా."

ఈసారి ఊఁ కూడా రాలేదు.

"కోపమొచ్చిందా? రాదా మరి! తప్పు నాదే. ముసలాడికి ఆ బరువులెందుకు, ఆ పంతమెందుకు? ముందు ఏదైనా బంకు కనిపిస్తే ఆపు. ఆలస్యమైతే తిట్టనీ. రాసుకుంటే రాసుకోనీ. నా సీటు పోతే పోయింది, నలభై ప్రాణాలకంటే ఎక్కువా అది?"

అనేశాడు. గుండె మీద బరువు దిగింది. కానీ గుండె మాత్రం నెమ్మదించలేదు. ఇంకా గట్టిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దడ్ దడ్ దడ్ దడ్. అయిపోయింది, ఇక్కడే పోతున్నాననుకుని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు.

చేతి కింద గుండె దాని పాటికది కొట్టుకుంటోంది. ఈ చప్పుడు దానిది కాదు. కింద నుంచి, బల్లలోంచి వీపుకి తగులుతోంది. రోడ్డు అంచున వరసగా పాతిన గుబ్బల మీదికి టైరు ఎక్కితే వచ్చే చప్పుడు. డ్రైవరన్నవాడు అది వినగానే స్టీరింగు ఇటు లాగుతాడు. లాగుతాడని చూశాడు. ఒక్క క్షణం. రెండు క్షణాలు.

"ఒరేయ్!"

తెర చించుకుని ముందుకి దూకాడు. దీపాల వెలుగులో వంతెన గోడ మీదికి వచ్చేస్తోంది. బావమరిది భుజాల మీదుగా పడి, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. బండి ఊగి, గోడని గీరుకుని, రోడ్డు మీదికి వచ్చింది.

బావమరిది ఉలిక్కిపడి, కళ్ళు నులుముకుంటూ అడిగాడు: "అప్పుడే రెండయిందా బావా?"