హాలిస్ గారి గుడ్డు

హైమవతి చిన్నతనంలో వాళ్ల నాన్న లండన్ టీవీవాళ్ల సైన్సు కార్యక్రమం క్యాసెట్లు తెచ్చేవాడు. అందులో హాలిస్ అనే బట్టతల పెద్దమనిషి ప్రయోగాలు చేసేవాడు. సగం చెడిపోయేవి. ఆయన తల గోక్కుని, ఎందుకు చెడిందో ఓపిగ్గా వెతికేవాడు. ఆ వెతుకులాట చూసే ఆమె సైన్సు టీచరైంది.

ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. విజయనగరంలో వాళ్లింటి గోడే టీవీ. పదేళ్ల మనవరాలు సంహితకు హాలిస్‌ను చూపించమని గోడనడిగింది. గోడ మీద హాలిస్ సీసా మూతి మీద పెట్టిన ఉడికించిన గుడ్డు మొదటిసారే లోపలికి జారిపోయింది.

"ఇది నాలుగుసార్లు చేస్తేగాని అవలేదు కదా," అంది హైమవతి.

"పొరపాట్లు తీసేశామండి," అంది గోడ. "పాత ప్రతి ఇప్పుడెక్కడా లేదు."

సంహిత అప్పటికే లేచి వెళ్లిపోయింది. ఈ మధ్య ఆ పిల్ల ఏ పనీ మొదలుపెట్టడం లేదు. గోడ మీద అందరికీ అన్నీ ఒక్కసారికే వస్తున్నాయని, తనకే రావడం లేదని నిన్న ఏడ్చింది కూడా.

హైమవతి గోడను ఆపేసింది. రెండు గుడ్లు ఉడికించి, గాజు సీసా కడిగి, మనవరాలిని వంటింట్లోకి పిలిచింది. ఒక గుడ్డు పెంకు తీసింది. కాగితం వెలిగించి సీసాలో పడేసి, మూతి మీద గుడ్డు పెట్టింది. అది కదల్లేదు.

"నీకూ రాలేదా మామ్మా?"

"రాలేదమ్మా. ఎందుకో చూద్దాం."

సంహిత వంగి సీసాలోకి చూసింది. "నువ్వు పెట్టేలోపే మంట ఆరిపోయింది. ఇంకాస్త తొందరగా పెట్టాలేమో."

అవునో కాదో హైమవతి చెప్పలేదు. సంహిత అడక్కుండానే రెండో గుడ్డు తీసుకుని పెంకు ఒలవసాగింది.