చీమల దారి

"మేడంగారూ, గుమ్మంకాడ్నించి తప్పుకోండి. పది నిమిషాల్లో సీమలకి మందు కొట్టీసి ఎల్లిపోతాను."

వీపున స్ప్రేయరు, చేతిలో గొట్టంతో ఒకటో తరగతి ముందు నిలబడ్డాడు బడి కమిటీ చైర్మన్ పెదబాబు. ట్యాంకులో ఉన్నది చెరకుతోటకి కొట్టే మందు. ఆ వాసనకే హెడ్మిస్ట్రెస్ వరహాలక్ష్మికి గొంతు మండుతోంది. ఆమె వెనక పిల్లలు పలకలు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు.

"లోపల పిల్లలున్నారు పెదబాబుగారూ!"

"బయటికి పంపీండి. సాయంత్రానికి ఆరిపోద్ది."

"ఆరేది తడే కదా, మందు ఎక్కడికి పోతుంది? వీళ్లు కూర్చునేది నేలమీద. ఆ చేతుల్తోనే అన్నం తింటారు."

"మా తోటలో ఎన్నేళ్లబట్టో కొడతన్నాను. నాకేటైపోయింది?" అంటూనే దగ్గాడు. దగ్గు ఒక పట్టాన ఆగలేదు.

పక్కనే ఉన్న, ఒకటో తరగతి బిడ్డ తల్లి దుర్గాదేవి కలగజేసుకుంది. "నా గుంట కాలు సూసేరా మేడం? సీమలు కుట్టి బూరిలాగ వాచిపోనాది. రాత్రంతా ఒకటే ఏడుపు. కొట్టనీండి."

ఆ మాట వరహాలక్ష్మికి సూటిగా తగిలింది. కాదనడానికి ఆమెకీ భయంగానే ఉంది. ఇవాళ ఆపితే, రేపు ఆ ఎర్రచీమలు ఇంకో బిడ్డని కుడితే, ఊరు ఊరంతా తన మీద పడుతుంది. పోనీ కొట్టనిస్తే? ఏ బిడ్డకైనా ఊపిరాడకపోతే చోడవరం ఆస్పత్రికి చేరేదాకా ఎవరు పూచీ? ఆమె గుమ్మం వదల్లేదు.

"ఎక్కడో తిండి దొరుకుతోంది కాబట్టే ఇక్కడ కాపురం పెట్టాయి. ఆ తిండేదో కనిపెట్టి తీసేద్దాం. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పిస్తాను. కాస్త టైమివ్వండి."

"నాకసలే ఏలినాటి శని నడస్తంది. ఇయ్యాల ఒంటిపూట ఉపాసం కూడాను, కడుపు కాలతంది. అన్నం బెల్లు కొట్టేదాకా ఆగుతాను. తరవాత మీరు అడ్డమొచ్చినా కొట్టీడమే!"

గోడ పగులులోంచి బయల్దేరిన చీమలబారు కిటికీ దిగి వరండా అంచు పట్టుకుంది. వరహాలక్ష్మి నడుం వంచి దాని వెంట నడిచింది. వెనకే స్ప్రేయరు దించకుండా పెదబాబు, ఆ వెనక దుర్గాదేవి. బారు వంటగది వైపు తిరిగింది. తిండి అక్కడే ఉందంటే ఈ మనిషి ఇంక ఆగడు, అన్నం గిన్నెల పక్కనే కొట్టేస్తాడు. చీమలు మాత్రం వంటగదిలోకి పోకుండా గుమ్మం పక్కనుంచి బడి వెనక్కి మళ్లాయి.

అంతలో బెల్లు మోగింది.

"అయిపోనాది మేడం!" పెదబాబు స్ప్రేయరు పంపు కొట్టడం మొదలెట్టాడు.

"ఒక్క నిమిషం!" ఆమె పరుగున వెనక్కి వెళ్లింది. ఒకటో తరగతి గోడ వెనక, ప్రహరీ మూల, పగిలిన పెంకులో తెల్లటి పొడి. దాని చుట్టూ ఎర్రగా చీమలు.

"ఎవరూ ముట్టుకోకండి! ముందే ఎవరో ఏదో మందు పెట్టారు!" అని అరిచింది.

"మందైతే సీమలింత పండగ సేసుకుంటాయేటండీ?" పెదబాబు వంగి, చిటికెడు తీసి నాలికమీద వేసుకున్నాడు. మొహం మారిపోయింది. "పంచదార! ఎవుడో కావాలనే ఏసేడు. బడి గుంటలమీద పగబట్టిన ఎదవెవుడు? దొరకనీండి, ఈ గొట్టం ఆడి నోట్లో ఎట్టీకపోతే నా పేరు పెదబాబు కాదు!"

ముందు ఈ చీమల పని పడదామని గొట్టం పెంకుమీదికి గురిపెట్టాడు.

"ఓలమ్మో! కొట్టీకండి! కొట్టీకండి!"

వెనక గేటులోంచి పరుగున వస్తోంది అతని భార్య అచ్చియ్యమ్మ. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె. వచ్చీరాగానే గొట్టానికీ చీమలకీ మధ్య నిలబడింది.

"రోజూ సీమలకి పంచదారేస్తే మీ శని పోద్దని పంతులుగారు సెప్పేరండీ!"

"ఒసే! ఎయ్యాలంటే మనింటికాడ ఎయ్యొచ్చు కదే! బడికాడేటే?"

అచ్చియ్యమ్మ అతని వీపునున్న ట్యాంకు వైపు చూసింది.

"మీ మందు దెబ్బకి మనింటికాడ ఒక్క సీమైనా బతికుంటే కదేటండీ!"