కుడి పైట

“ఎవరిదయ్యా ఈ నడుము?”

సుందరి కేకకు ఆమె మొగుడు శుభాకర్ చేతిలోని కుంచె జారి పెయింటు డబ్బాలో పడింది. ప్రొద్దుటూరులో వాళ్ల ఇంటి వాకిట్లో, గోడకు ఆనించి, చేతులు జోడించిన పన్నెండడుగుల కటౌటు. పార్టీ పెద్ద జైల్లో ఉన్నాడు గనుక ఈసారి నామినేషన్ పార్టీవాళ్లంతా వదినమ్మ అని పిలిచే ఆయన భార్యది. సాయంత్రానికల్లా బొమ్మ పులివెందుల రోడ్డులో నిలబడాలి. లేకుంటే శుభాకర్‌కు చేతులుండవు.

“ఎవరిదేంది? వదినమ్మదే!”

“మొగం వదినమ్మది. వాళ్లిచ్చింది పాస్‌పోర్టు ఫోటో, నేను చూళ్లేదా? మెడకాడ్నుంచి కిందికి ఎవరిది? దానికి కట్టింది నా నెమలికంఠం పట్టుచీర! క్రిస్మస్‌కు గూడా మడత ఇప్పకుండా దాచుకున్న చీర!”

ఆ నడుము చూసేకొద్దీ సుందరికి ఒళ్లు మండిపోతోంది. ముగ్గురు పిల్లల తర్వాత తనకు లేకుండా పోయింది అదే మరి. అంతలో ఆమె చూపు బొమ్మ భుజం మీద ఆగింది.

“ఆహా! పైట కుడి భుజం మీదుందే! ఈ వీధిలో కుడి పైట ఏసేది ఒక్కతే. బంగారంగడి సేటు కోడలు! ఆ బక్కదా?”

“బైబిలు మీద ఒట్టు, ఆమె గాదే!”

“మరి నన్నెందుకు నిలబడమన్లేదు? నేను పనికిరానా?” ఏడుపొచ్చేసింది ఆమెకు.

“మనముండేది ఎదుటి పార్టీ వీధి. నేను కూలికి గీసేవాణ్ణి, నన్నొదిలేస్తారు. బొమ్మకు నిలబడింది నువ్వని తెలిస్తే ఒదుల్తారా? ఇంటిమీద బాంబులు పడ్తాయే!”

“ఆమె మీద పడితే ఫరవాలేదా? పేరు చెప్తావా, ఈ నడుముకు మసి పూయమంటావా?” నల్లరంగు డబ్బా ఎత్తింది సుందరి.

శుభాకర్ బతిమాలాడు. వినలేదు. ఇక లాభం లేదని ఆమె చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కెళ్లి, తలుపు గడియ పెట్టి, బీరువాలోంచి నెమలికంఠం చీర బయటికి తీశాడు. చొక్కా విప్పాడు. సుందరి నోరు తెరిచేలోగా తన సన్నటి నడుముకు చీర చుట్టి, చకచకా కుచ్చిళ్లు పెట్టి దోపుకుని, పైట ఎడమ భుజాన వేసుకుని, బీరువా అద్దం ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

అద్దంలో పైట కుడి భుజం మీద ఉంది.