ముందు మిషను

"మీవాడు కుట్టేట్టయితే నా బట్ట నాకిచ్చెయ్యండి," అంది పక్కింటావిడ.

"వాడు కాదండీ, మా అమ్మాయి," అన్నాడు టైలరు, వీధిలోకి వినబడేలా. "కొట్లో ముందు మిషను ఇక తనదే."

"మొన్నటిదాకా కొడుకన్నారుగా!"

"తెలీక అన్నాం."

ఆవిడ బట్ట సంచిలో కుక్కుకుని చరచరా వెళ్లిపోయింది.

"నాన్నా, నేను తెర వెనక కూర్చుంటా. నావల్ల బేరాలు పోతున్నాయి," అంది కూతురు.

"పోతే పోనీ. నువ్వు దాక్కుంటే నేను చూడలేను. అయినా పనికేం లోటు? ఇదిగో, మీ అమ్మ ఇంకోటి తెచ్చింది. ఎవరో ఇచ్చారట."

తల్లి ఒక చొక్కా మిషను మీద పెట్టింది. భుజాల దగ్గర కుట్లు విడిపోయి ఉన్నాయి.

కూతురు చొక్కా తిరగేసింది. లోపల, సుద్దముక్క కోసం నాన్న మాత్రమే కుట్టుకునే చిన్న జేబు కనిపించింది.

ఈ నెలంతా తను కుట్టిన బట్టలన్నీ రెండే కొలతలవని అప్పుడు తట్టింది. ఒకటి నాన్నది, రెండోది అమ్మది.

తల్లి వేళ్లకు విప్పిన కుట్ల దారపు పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

కూతురు సూదిలోకి దారం ఎక్కించింది. "డబల్ కుట్టు వెయ్యమన్నారా అమ్మా?"

"వద్దులే తల్లీ. వదులుగానే వెయ్యి," అంది తల్లి, చూపు తిప్పుకుని.

కూతురు వదులుగానే కుట్టింది.