కన్నతల్లి సాక్ష్యం

“ఏం ముసలమ్మా, గొర్రెలు కాయమంటే ఏకంగా రాజునే కాయడానికి పోయిందట గదా నీ కూతురు!” అన్నాడు కాపలా సైనికుడు, చెర తలుపు తీస్తూ. వెనకున్నవాళ్లు పగలబడి నవ్వారు.

కొలెట్ తలగుడ్డ సర్దుకుని లోపలికి అడుగుపెట్టింది. మ్యూజ్ నది లోయలోని పల్లె నుంచి మోర్వాల్ కోట దాకా ఇంగ్లీషు సైనికులు ఆమెను బండిలో తీసుకొచ్చారు. దారి పొడవునా ఆమె నోట ప్రార్థన తప్ప మరో మాట లేదు.

గోడకు గొలుసులతో కట్టేసిన అమ్మాయి తలెత్తింది. మగవాడిలా పొట్టిగా కత్తిరించిన జుట్టు, చిరిగిన సైనికుడి చొక్కా. చిట్లిన పెదవి మీద నెత్తురు గడ్డకట్టి ఉంది.

“అమ్మా!” అంది.

కొలెట్ అడుగు ఆపింది. గోడ పట్టుకుంది.

బల్ల వెనక కూర్చున్న గోబెర్ పాదిరి గొంతు సవరించుకున్నాడు. ఈ విచారణ అతనిదే.

“చూడమ్మా, మా సైన్యాన్ని కోట తర్వాత కోట నుంచి తరిమిన ఒడీల్‌ని నేనేనంటోంది ఈమె. యుద్ధంలో ఇనప టోపీ కింద ఆ ముఖం సరిగ్గా చూసినవాడు మాలో ఎవడూ లేడు. కన్నదానివి, నువ్వు చెప్పాలి. నీ కూతురు కాదన్నావా, అబద్ధాలకోరని నాలుగు కొరడా దెబ్బలు కొట్టించి వదిలేస్తాను. అసలు మనిషిని వెతికి పట్టుకుంటాం. నీ కూతురే అన్నావా, రేపు మంటల్లో వేస్తాం.”

“అర్థమైంది అయ్యగారూ.”

“ఎలాంటిది నీ కూతురు?”

“అందరి పిల్లల్లాంటిదే. ఉన్ని వడికేది, గొర్రెల్ని మేతకు తోలేది. ఒకరోజు కొండ మీంచి పరిగెత్తుకొచ్చి, వెలుగులో పునీత బార్బరమ్మ కనబడి మాట్లాడిందంది. వాళ్ల నాన్న చెంప పగలగొట్టాడు. అయినా మాట మార్చలేదు. గొర్రెల కత్తెరతో జుట్టు కత్తిరించుకుని సైన్యంలోకి పోయింది. నవ్వినవాళ్లే తర్వాత దాని జెండా వెనక నడిచారట.”

పాదిరి ఖైదీ వైపు తిరిగాడు. “ఆ వెలుగు ఏమంది నీతో?”

అమ్మాయి కళ్లు మూసుకుంది. “‘నడువు. నీ భయం నేను మోస్తాను’ అంది.”

కొలెట్ ఉలిక్కిపడింది. ఆ మాట ఒడీల్ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. తల్లి ఒడిలో తల పెట్టుకుని ఒకే ఒక్కసారి చెప్పింది.

పాదిరి శిలువను ముందుకు జరిపాడు. “ఒట్టేసి చెప్పు. ఎవరీమె?”

కొలెట్ అమ్మాయి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడింది.

“ఎందుకే ఇంత పని చేశావు?” అంది గుసగుసగా. “నేను కాదంటే బతుకుతావు గదే.”

“వాళ్లకి ఒడీల్ కావాలమ్మా. దొరికేదాకా ఊళ్లు తగలబెడుతూనే ఉంటారు. నాతో అయిపోనీ.” అమ్మాయి గొలుసు లాగుతూ ఆమె వైపు వంగింది. “నన్ను కాదనకమ్మా. నాకింకెవరున్నారు?”

కొలెట్ ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. చిక్కుపడిన జుట్టు వేళ్లతో సవరించింది. తలగుడ్డ కొస తడిపి పెదవి మీది నెత్తురు తుడిచింది. లేచి, శిలువ మీద చెయ్యి పెట్టింది.

“నా కూతురే.”

“గట్టిగా చెప్పు.”

“నా కూతురే!” అని అరిచింది. ఇందాక ఎగతాళి చేసిన సైనికుడు తల దించుకున్నాడు.

మర్నాడు సంత మైదానంలో చితి పేర్చారు. కొలెట్ జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లి నిలబడింది. కట్టెలకు నిప్పంటుకోగానే అమ్మాయి కళ్లు గుంపులో వెతికాయి.

“అమ్మా, ఉన్నావా?”

“ఇక్కడే ఉన్నానే తల్లీ! ఎక్కడికీ పోను!”

పొగ కమ్మేసి ఏమీ కనబడకుండా పోయాక కూడా కొలెట్ ఆ మాటే అంటూ నిలబడింది.

బూడిద నదిలో కలిపారు. ఆడవాళ్లు కొందరు ఏడుస్తూ వచ్చి ఆమె తలగుడ్డ కొస కళ్లకద్దుకోబోయారు.

“పునీతను కన్నావమ్మా!”

“నన్ను ముట్టుకోకండి,” అని కొలెట్ విడిపించుకుని నడిచింది.

పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. తిన్నగా గొర్రెల పాకలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టి, మూలనున్న గడ్డిమోపులు పక్కకు లాగి వంగింది.

“ఒడీల్, నీ బదులు పోయిన ఆ పిల్ల పేరేమిటే?”